పెండ్లి దస్తరము

తెలుగువారి యింట పెండ్లి నిశ్చయమైన నాఁటినుండి పదునాఱు దినముల పండుగ ముగియు వఱకు వ్రాఁతపని యెడతెగక సాగుచుండును. లగ్నపత్రిక, పిలువవలసినవారి పట్టిక, శుభలేఖలు, సంభారముల జాబితా, నగల తూకపు చీటి, బట్టల పద్దు, చదివింపుల పుస్తకము, తుదకు మొత్తపు జమాఖర్చు: ఇవన్నియుఁ గలిసి యొక కట్ట యగును. నేఁడు పట్టణములయందు దీనిని దళసరి యట్టల నడుమఁ గ్రుచ్చి, విభాగములుగాఁ బంచి, పెండ్లికూఁతురే స్వయముగా నమర్చుకొనుట వాడుకయగుచున్నది. పద్ధతి క్రొత్తదిగాఁ దోఁచినను వస్తువు పాతది. దీనికిఁ దెలుగున దస్తరమను పేరు తగియుండును.

ఈ దస్తరము వ్యయముల లెక్క మాత్రమే కాదు. పెండ్లికి ఎవ్వరు వచ్చిరి, ఎవ్వరేమి యిచ్చిరి, ఇచ్చిన వస్తువు ఎవ్వరిది అను మూఁడు ప్రశ్నలకు ఇది సాక్ష్యము. మొదటి ప్రశ్న బంధుత్వమునకు, రెండవది ఋణమునకు, మూఁడవది హక్కునకు సంబంధించినది. మొదటి రెంటికి మనవారు మిక్కిలి శ్రద్ధతో లెక్క వ్రాసిరి. మూఁడవదానియందు ఆ శ్రద్ధ కానరాదు. గర్వముతోఁ జెప్పుకొనఁదగినదానిని వ్రాయుటయు, చెప్పుకొన జంకినదానిని విడుచుటయు లోకస్వభావము. ఆ విడిచిన పద్దువలన నష్టపడినది తఱచుగాఁ బెండ్లికూఁతురే యని ఈ దస్తరపు చరిత్రము తెలుపుచున్నది.

కవిలె, కడితము, దస్తరము

దస్తరమనునది దఫ్తర్ అను పారసీక పదమునకుఁ దెలుఁగు రూపము. ఆ పదమునకు మూలము తోలు అను నర్థముగల గ్రీకు పదమని భాషాశాస్త్రజ్ఞు లందురు. తోలుపై వ్రాసిన పత్రమునకుఁ బుట్టిన పేరు క్రమముగాఁ గాగితపుఁ గట్టకును, ఆ కట్టను మూటగట్టిన గుడ్డకును, తుదకుఁ గచేరికిని జెల్లినది. పల్లెలలోఁ గరణము గుడ్డలోఁ జుట్టి చంకఁ బెట్టుకొనిపోయిన లెక్కల మూట దస్తరమే.

ఆ మాట రాకపూర్వము ఆ పని కవిలెచే జరిగినది. ఎండిన తాటాకులను సమముగాఁ గత్తిరించి, చిల్లులు పొడిచి, త్రాటఁ గ్రుచ్చి, మీఁదను క్రిందను పలకలు పెట్టి కట్టుదురు. గంటముతో గీచిన యక్షరములకు మసి పూయుదురు. వలసినపుడు త్రాడు విప్పి యొక యాకును దీయవచ్చును. నడుమఁ గ్రొత్త యాకును జేర్చవచ్చును. నేఁటి యట్టల కట్టయందు మెచ్చుకొనఁబడు సౌకర్యమిదియే. వర్తకులు కడితమును వాడిరి. గుడ్డకుఁ జింతగింజల గంజియు బొగ్గుపొడియుఁ గలిపి పూసి, యెండించి, మడతలు పెట్టి, దానిపై బలపముతో వ్రాయుదురు. తప్పినచోఁ దుడిచి మరల వ్రాయుదురు. దినదినము మాఱు ధరలకుఁ గడితమును, మాఱరాని మాటకుఁ గవిలెయుఁ దగిన సాధనములు.

గ్రామ కవిలెలకు అదృష్టవశమున నొక రక్షకుఁడు లభించెను. 1821లో మరణించిన కల్నల్ కాలిన్ మెకంజీ తన యుద్యోగులచే ఊరూర నుండు కవిలెలనుండి కైఫీయతులను వ్రాయించెను. చార్లెస్ ఫిలిప్ బ్రౌను తరువాత వానికిఁ బ్రతులు తీయించెను. గ్రామముల పుట్టుక, మాన్యములు, దేవాలయములు, పాలకుల వరుస వానివలన నిలిచినవి. ఇంటి పెండ్లి కవిలెల కట్టి యాదరము లభింపలేదు. భూమి లెక్క ప్రభుత్వమునకుఁ గావలెను. పెండ్లి లెక్క ఆ యింటికి మాత్రమే కావలెను. పుచ్చుకొన్న చదివింపులన్నియుఁ దిరిగి చెల్లించిన పిమ్మట ఆ యింటికిని దానితోఁ బనిలేదు. చెదలకును జెమ్మకును విడువఁబడిన వ్రాఁతలలో నివి మొదటివి.

పెండ్లి దస్తరమునందలి మాటలను విడఁదీసి చూచిన నది మూఁడు భాషలలో వ్రాయఁబడినట్లు తోఁచును. లగ్నపత్రిక, శుభలేఖ, సంభారము, మధుపర్కము మొదలగు కర్మభాగపు మాటలు సంస్కృతము. జమ, ఖర్చు, బాకీ, రసీదు, జాబితా అను లెక్కభాగపు మాటలు అరబ్బీ పారసీకములు. తురుష్క ప్రభువుల కచేరీలనుండి కరణముల చేతికి, కరణముల చేతినుండి గృహస్థుల యిండ్లకు వచ్చినవి. ఓలి, కట్నము, అరణము, చదివింపు అను నిచ్చిపుచ్చుకొనుమాటలు తెలుఁగు. పురోహితుఁడు మంత్రమును, కరణము లెక్కను దెచ్చినను, ఇచ్చిపుచ్చుకొనుట మాత్రము ఇంటివారి భాషలోనే జరిగినదని దీనివలనఁ దెలియుచున్నది.

లగ్నపత్రిక, శుభలేఖ

దస్తరమున మొదటి పత్రము లగ్నపత్రిక. నిశ్చితార్థమునాఁడు ఉభయపక్షముల పెద్దల యెదుట పురోహితుఁడు దానిని వ్రాసి చదువును. సంవత్సరము, మాసము, తిథి, వారము, నక్షత్రము, లగ్నము, వధూవరుల గోత్రనామములు, తండ్రితాతల పేళ్లు అందుండును. నాలుగు మూలలఁ బసుపు రాచి, తాంబూలములతో రెండు ప్రతులను మార్చుకొందురు. ఇది మాట తప్పరాదను కట్టుబాటుకు గుర్తు. నగలెన్ని, సొమ్మెంత అనునది మాత్రము సామాన్యముగా నందుండదు. అది పెద్దల నడుమ నోటిమాటగా నడచును. పవిత్రమైనది పత్రమునకు, బేరము మాటకు అను విభాగము ఇచ్చటనే మొదలైనది.

శుభలేఖ పూర్వము మనుష్యునిచేతఁ బోయెడిది. ఊరి మంగలియో, చాకలియో, దగ్గఱి బంధువో మోసికొనిపోయి చదివి వినిపించి, తాంబూలము పుచ్చుకొని వచ్చుచుండెను. 19వ శతాబ్దియందు ముద్రణాలయములు వ్యాపించినపిమ్మట శుభలేఖ యచ్చునకు ఎక్కెను. 20వ శతాబ్ది పూర్వార్ధమున వధూవరుల నాశీర్వదించుచు మిత్రులు రచించిన పంచరత్నములను, నవరత్నములను అచ్చొత్తించి పెండ్లిపందిటఁ బంచుట విద్యావంతుల యిండ్ల పరిపాటియైనది. వేఱు గ్రంథములేమియు వెలువరింపని కవుల పద్యములు ఇట్టి కరపత్రములలో నున్నవి. సాహిత్య పరిశోధకులకు నివి యుపేక్షింపఁదగినవి కావు. కవి జీవించిన కాలము, ఊరు, స్నేహితులు, అతని నాదరించిన కుటుంబములు వీనివలనఁ దెలియును.

శుభలేఖపైని తేదీకి వేఱొక విలువ కూడఁ గలదు. హిందూ వారసత్వ చట్టమునకు ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి యమలునకు వచ్చెను. సమష్టి కుటుంబపు టాస్తియందుఁ గూఁతులకుఁ గొడుకులతో సమానముగా జన్మహక్కు నిచ్చినది ఆ సవరణమే. కాని ఆ దినమునకు ముందు పెండ్లియైన కూఁతురు దానినుండి మినహాయింపఁబడెను. ఆగస్టు నెల ముహూర్తమున పెండ్లియైన యక్కకు లేని హక్కు, తరువాతి ముహూర్తమునఁ బెండ్లియైన చెల్లెలికిఁ గలిగెను. 2005 సెప్టెంబరు 9 నాఁటి కేంద్ర సవరణము ఆ భేదమును దొలఁగించెను. ఆ యిరువది యేండ్ల కాలమున వివాదము పుట్టిన యిండ్లలోఁ బెట్టె యడుగునఁ బడియున్న శుభలేఖ భాగపత్రమంత విలువగల సాక్ష్యమైనది.

సంభారముల జాబితా

దస్తరమునఁ బెద్ద భాగము సంభారములది. పురోహితుఁడు చెప్పుచుండఁగా ఇంటి పెద్ద వ్రాసికొనును. వస్తువులు కర్మక్రమమున వచ్చును. అంకురార్పణమునకుఁ బాలికలు, నవధాన్యములు; స్నాతకమునకు గొడుగు, పాదుకలు, చేతికఱ్ఱ; వరపూజకు మధుపర్కపు బట్టలు; నుదుటికి బాసికములు; సుముహూర్తమునకు జీలకఱ్ఱ, బెల్లము, తెర పట్టుటకు వస్త్రము; మాంగల్యధారణమునకుఁ బసుపుత్రాడు, మంగళసూత్రములు; తలంబ్రాలకు బియ్యము; హోమమునకు సమిధలు, దర్భలు, నెయ్యి, పేలాలు; తొక్కుటకు సన్నెకల్లు; కాళ్లకు మట్టెలు. క్రమము తప్పిన వస్తువు సమయమునకు దొరకదు. కనుక ఈ జాబితా కర్మకాండకు సూచిక వంటిది; దానిని వరుసగాఁ జదివిన ఆ పెండ్లి యెట్లు నడచెనో చెప్పవచ్చును.

పూర్వము పెండ్లి యైదు దినములు జరుగుచుండెను. అపుడు లెక్క దినమున కొక యాకుగా నుండెను. ఏ పూట యెందఱు భోజనమునకుఁ గూర్చుందురు, విడిదికిఁ బంపవలసిన ఫలహారమేమి, నాగవల్లినాఁటి ఖర్చెంత అని వేఱువేఱుగా వ్రాయవలసివచ్చెను. పెండ్లి రెండు దినములకును, పిమ్మట నొక పూటకును దగ్గినపుడు ఈ దినవారీ పద్దులు పోయి వస్తువారీ పద్దులు వచ్చినవి. వంట, పందిరి, మేళము, పూలు, వాహనములు అను నేఁటి విభాగము ఇందుండి పుట్టినదే. ఐదు దినముల పని ఇంటివారి చేతులమీఁద జరిగెను. ఒక పూట పని కూలికిఁ గుదిరినవారి చేతులమీఁద జరుగుచున్నది. అందుచే బంధువుల పేళ్లుండిన చోట రసీదులు చేరినవి.

కొలతల మార్పును గూడ ఈ జాబితాలు చూపుచున్నవి. పాత పద్దులలో బియ్యము పుట్లును తూములును, నెయ్యి వీసెలును, బంగారము తులములును. పుట్టికి 20 తూములు, తూమునకు 4 కుంచములు; మణుగునకు 8 వీసెలు. రూపాయికి 16 అణాలు. 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి 100 నయాపైసలైనవి. ఆ వెనుకఁ గొలఁదియేండ్లలో కిలోగ్రాములు, లీటర్లు వచ్చినవి. తాతపెండ్లి జాబితాను మనుమని పెండ్లికి వాడఁబోయినవారికి లెక్క కుదురక తికమకయగుట సహజము. బంగారమునకు మాత్రము తులమను మాట వాడుకలో నిలిచినది.

ఈ పట్టికను వ్రాసినవాఁడు పురుషుఁడు, నడపినది స్త్రీ. పసుపు కొట్టుట మొదలుకొని అప్పగింతల వఱకుఁ గల పనుల వరుస వ్రాఁతరాని స్త్రీలకుఁ గంఠస్థముగా నుండెను. నలుఁగుపాటలు, తలంబ్రాలపాటలు, అప్పగింతపాటలు వేడుకకు మాత్రమే పుట్టినవి కావు. ఒక్కొక పాట యొక్కొక పనికిఁ జెందియుండుటచేఁ బాటల వరుసయే పనుల వరుసయైనది. వారికిఁ బాటయే పట్టిక. ఐనను పాటలో పని నిలుచును గాని సొమ్ము నిలువదు. ఏ నగ యెవ్వరు పెట్టిరో, దాని తూకమెంతో పాట చెప్పదు. లెక్క యున్న చోట స్త్రీ లేదు; స్త్రీ యున్న చోట లెక్క లేదు.

చదివింపులు

ఈ దస్తరమునఁ బ్రత్యేకముగాఁ జెప్పఁదగిన భాగము చదివింపుల పుస్తకము. చదివించుట యనఁగా చదువునట్లు చేయుట. ఇచ్చినవారి పేరును ఇచ్చిన వస్తువును పందిట నలువురు వినఁ జదివింతురు గనుక ఆ కానుకకే చదివింపు అను పేరు వచ్చినది. కానుకకు దాని విలువనుబట్టియో, ఇచ్చిన చేతినిబట్టియో కాక, చదువఁబడుటనుబట్టి పేరు వచ్చుట గమనింపఁదగినది. తెలంగాణమునఁ గట్నములు వ్రాయించుట యని యందురు. చదివించినను వ్రాయించినను భావమొకటే: పదుగురి యెదుట చెప్పఁబడి పుస్తకమున కెక్కిననే యిచ్చినది ఇచ్చినట్లు.

ఈ పుస్తకమును ఇంటివారు పదిలముగా దాఁతురు. తమకుఁ జదివించినవారి యింటఁ బెండ్లి వచ్చినపుడు దానిని దీసి చూచి, పుచ్చుకొన్నదానికిఁ దక్కువగాకుండఁ దిరిగి చదివింతురు. ఇట్లు గ్రామమంతయు వడ్డీలేని యప్పుగా నొకరిపెండ్లి కొకరు పెట్టుబడి పెట్టుకొనిరి. చేతిలో రొక్కము లేని కుటుంబమునకు ఒక్క దినమునఁ గూడిన చదివింపులు పెండ్లి ఖర్చులో నొక భాగమును దీర్చెను. పుస్తకము పోయిన యింటికి మర్యాద పోవు భయము కలదు, మఱచిపోయితిమనిన లోకమొప్పుకొనదు.

నూటపదునాఱులు, వేయిన్నూటపదునాఱులు చదివించుట తెలుఁగువారి వాడుక. నిజాము రాజ్యమున హాలీ సిక్కా నాణెము చెల్లుచుండఁగా, 100 బ్రిటిషు రూపాయిలకు 116 హాలీ రూపాయిల 10 అణాల 8 పైసలు మారకపు విలువగా నుండెను. ఆ లెక్కయే ఈ యాచారమునకు మూలమని జనశ్రుతి. అంకెలు కలిసినంతమాత్రమున నది ప్రమాణము కానేరదు. నిజాము నాణెము చెల్లని ప్రదేశములయందును నూటపదునాఱుల మర్యాద కలదు. సున్నతో ముగియు మొత్తము శుభకార్యమునకుఁ దగదను నమ్మకము దీనికిఁ దోడ్పడియుండవచ్చును.

వ్రాయని పద్దు

ఇంత శ్రద్ధగా వ్రాసినవారు వ్రాయక విడిచినదేమి? వధూవరుల వెల. ఇది ఒక కాలమున కన్యకు, ఒక కాలమున వరునికిఁ జెల్లినది. రెండు కాలములందును అది చీఁకటిపద్దే.

విరించిపుర దేవాలయమునందలి యొక శాసనము ఈ విషయమున మిక్కిలి విలువైనది. అది శాలివాహన శకము 1347, అనఁగా 1425 నాఁటిది. విజయనగరమున దేవరాయలు పాలించుచున్న కాలము. పడైవీటి రాజ్యమునందలి కన్నడ, తమిళ, తెలుఁగు, లాట బ్రాహ్మణులు అందఱును గూడి యొక సమయపత్రము వ్రాసికొనిరి. ఆ నాఁటినుండి కన్యాదానముగానే పెండ్లిండ్లు చేయవలెననియు, బంగారము పుచ్చుకొని కన్య నిచ్చినవారును, బంగారమిచ్చి పెండ్లాడినవారును రాజదండనకుఁ బాత్రులై కులమునుండి వెలియగుదురనియు నందుఁ గలదు. వేర్వేఱు గృహములు దాఁచిన పద్దును ఒక సమాజము ఱాతిపై బహిరంగపఱచిన యరుదైన యుదాహరణమిది. నిషేధము పుట్టినదనఁగా ఆచారము ప్రబలియుండెనని యర్థము.

ఆ యాచారము చావలేదు. నాలుగు శతాబ్దులు గడచిన పిమ్మట విజయనగర సంస్థానాధీశుఁడు ఆనందగజపతి మహారాజుగారి యాజ్ఞచే విశాఖపట్టణ మండలమందలి బ్రాహ్మణ కుటుంబములలో కన్యాశుల్క వివాహముల పట్టిక యొకటి తయారయ్యెను. 1897లో కన్యాశుల్క నాటకమును బ్రకటించుచు గురజాడ అప్పారావుగారు దానిని పీఠికయందుఁ బేర్కొనిరి. మూఁడేండ్లలో 1034 వివాహములు అందు నమోదయ్యెను. అయిదేండ్ల కన్యలు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూఁడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆఱుగురు, ఏఁడాది శిశువులు ముగ్గురు. ఆ శిశువులకు 350 మొదలు 400 రూపాయిల వఱకు వెల పలికెను. సొమ్ము పుచ్చుకొన్నట్లు ఒప్పుకొనుట కెవ్వరు నిచ్చగింపరు గనుక ఆ పట్టిక సంపూర్ణము కాదని గురజాడవారే హెచ్చరించిరి. ఏ యింటి దస్తరమునను గానరాని యంకె ఆ యొక్క పట్టికయందు బయలుపడెను. ఆధునికాంధ్ర సాహిత్యమునఁ బ్రఖ్యాతమైన నాటకమునకుఁ బెండ్లి లెక్కయే బలమైన సాక్ష్యముగా నిలిచినదనుట సాహిత్యచరిత్రకారులు మఱవరాని విషయము.

20వ శతాబ్దిలో ఆంగ్లవిద్యయు నుద్యోగములును వ్యాపించిన కుటుంబములయందు వెల దిశ మార్చుకొనెను. ఓలి యను మాట మఱుగుపడెను. ఒకనాఁడు గౌరవపూర్వకమైన కానుకకుఁ జెల్లిన కట్నమను మాట వరుని వెలకు ముసుఁగైనది. కాళ్ళకూరి నారాయణరావుగారి వరవిక్రయ నాటకము ఈ ముసుఁగును దొలఁగించినది. అది 1939లోఁ జలనచిత్రముగాను వచ్చెను. తన తండ్రి సొమ్ము చెల్లించి వరుని గొనెను గనుక అతఁడే తన యింట నుండవలెనని అందలి కమల వాదించును. బేరమును బేరముగా నొప్పుకొనుఁడను ఆ వాదమునకు వరపక్షమువారు తెల్లఁబోయిరి; కారణము, వారు పుచ్చుకొన్నదానికి మర్యాదయను పేరు పెట్టుకొనియుండుటయే.

పిలుపుల పట్టికయు నొకప్పుడు భయకారణమైనది. 1856 చట్టము వితంతువుల పునర్వివాహమును ధర్మబద్ధము చేసినను, తెలుఁగుదేశమున కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహమును 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున జరిపింపఁగలిగిరి. ఆ పెండ్లికిఁ బోయినవారికి వెలియు, ప్రాయశ్చిత్తమును దప్పలేదు. తక్కిన పెండ్లిండ్లలో పట్టికయందుఁ బేరు లేకున్న నవమానము. ఆ పెండ్లిలోఁ బేరుండుటయే సాహసము.

ఆఁడుబిడ్డ సొమ్ము

ఇచ్చినది ఎవ్వరిది యను ప్రశ్నకు ధర్మశాస్త్రము ప్రాచీనకాలముననే సమాధానము చెప్పినది. అగ్నియెదుట నిచ్చినది, అత్తవారింటికిఁ దరలునపు డిచ్చినది, ప్రీతితో నిచ్చినది, తల్లి, తండ్రి, సోదరులు ఇచ్చినవి అని మనువు ఆఱు విధముల స్త్రీధనమును బేర్కొనెను. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుఁడు రచించిన మితాక్షర స్త్రీధనపు హద్దును మఱింత విస్తరించెను. 13వ శతాబ్దిలోఁ గేతన ఆ శాస్త్రమును విజ్ఞానేశ్వరీయమను పేరఁ దెలుఁగు పద్యములలోనికిఁ దెచ్చెను. శాస్త్రము కొఱవడలేదు; కొఱవడినది పత్రము.

పసుపుకుంకుమల క్రింద నిచ్చిన భూమియే దీనికి దృష్టాంతము. కూఁతునకు ఎకరమో, రెండెకరములో పసుపుకుంకుమగా నిచ్చితిమని తండ్రి పెండ్లిపందిటఁ జెప్పును, నలువురు విందురు. చదివింపులోని పది రూపాయిలు పుస్తకమున కెక్కును గాని ఎకరము పత్రమున కెక్కదు. స్థిరాస్తిని దానముగా నిచ్చుటకు సాక్షుల సంతకములతోఁ గూడిన రిజిస్టరు పత్రము వలెనని 1882 నాఁటి ఆస్తి బదలాయింపు చట్టము విధించినది. తండ్రి యున్నన్ని నాళ్లు పంట వచ్చును. తండ్రి పోయిన పిమ్మట అన్నదమ్ములు పత్ర మడుగుదురు. విన్నవారిలో సగము మంది యప్పటికి లేరు. ఇట్టి వ్యాజ్యములు తెలుఁగుసీమ న్యాయస్థానములకుఁ గ్రొత్తవి కావు.

నగల విషయమునను ఇంతే. 1985లో ప్రతిభారాణి వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము స్త్రీధనము భర్తయింట నున్నంతమాత్రమున భర్తది కాదనియు, నమ్మి యప్పగించిన సొమ్మును దిగమ్రింగినచో నేరమగుననియుఁ దీర్పు చెప్పెను. తీర్పు స్పష్టమే. కాని ఏ నగ, ఎంత తూకము, ఎవ్వరు పెట్టిరి అని యడిగినపుడు చూపవలసినది కాగితము.

ఆ సంవత్సరముననే ఈ లోపమునకుఁ జట్టము మందు వెదకెను. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. దానిననుసరించి వధూవరులకు వచ్చిన కానుకల పట్టికలను గూర్చిన నియమములు 1985 అక్టోబరు 2 నుండి యమలునకు వచ్చెను. పెండ్లికూఁతునకు వచ్చినవానిని పెండ్లికూఁతురును, పెండ్లికొడుకునకు వచ్చినవానిని పెండ్లికొడుకును వేఱువేఱు పట్టికలుగా ఉంచుకొనవలెను. పెండ్లినాఁడో, సాధ్యమైనంత త్వరగానో వ్రాఁతమూలముగాఁ దయారుకావలెను. వస్తువు వర్ణనము, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధువైనచో వరుస అందుండవలెను. ఇరువురును సంతకము చేయవలెను. సంతకము రానివారికిఁ బట్టికను జదివి వినిపించి వ్రేలిముద్ర వేయింపవలెను. చదివినవారును సంతకము చేయవలెను.

ఈ నియమములలోఁ దెలుఁగువారికిఁ గ్రొత్తది మిక్కిలి తక్కువ. ఇచ్చినవారి పేరు, వరుస, వస్తువు, విలువ, పదుగురి యెదుట చదువుట యనునవి చదివింపుల పుస్తకమునఁ దరతరములుగా నున్నవే. క్రొత్తది యొక్కటి: పట్టిక పెండ్లికూఁతురి చేతిలో నుండవలెనను విధి. పాత పుస్తకము తండ్రిది. తిరిగి చెల్లింపవలసిన ఋణమునకై వ్రాసినది. క్రొత్త పట్టిక ఆమెది. తనకుఁ జెందినదానికై వ్రాసినది. వ్రాఁతయొకటే యైనను ఒకటి బాకీని గాపాడును, రెండవది హక్కును గాపాడును. 2002లో ఆంధ్రప్రదేశ్‌లో వివాహముల నమోదును నిర్బంధము చేయుచు వచ్చిన చట్టముతో పెండ్లి తేదీకిని ప్రభుత్వపు ముద్ర చేరెను.

ఈ చరిత్రమునుబట్టి పెండ్లి దస్తరమును నాలుగు భాగములుగా నమర్చుకొనుట యుక్తము. మొదటిది లగ్నపత్రిక, శుభలేఖ, నమోదు పత్రము. ఇది కాలమునకు సాక్ష్యము. రెండవది సంభారములు, ఖర్చులు, రసీదులు; ఇది వ్యయమునకు సాక్ష్యము. మూఁడవది చదివింపులు, ఇది బంధువులకుఁ దీర్పవలసిన ఋణమునకు సాక్ష్యము. నాలుగవది వధువునకు వచ్చిన నగలు, బట్టలు, భూమి, రొక్కముల పట్టిక. ఇది ఆమె హక్కునకు సాక్ష్యము. మొదటి మూఁటిని మన పూర్వులు ఎఱిఁగి వ్రాసిరి. నాలుగవదానిని చదివినవారు పలువురు, వ్రాసినవారు కొలఁదిమంది. తూకముతో, విలువతో, ఇచ్చినవారి సంతకముతో దానిని రెండు ప్రతులుగా వ్రాసి, అందొకటి పెండ్లికూఁతురి పెట్టెలోఁ బెట్టి పంపుట అరణముతోఁ బాటు పంపవలసిన వస్తువులలో నొకటిగా నెంచఁదగును.